పట్టు మీద వేసిన పెయింటింగ్‌ని ఫ్రేమ్ ఎలా కట్టించాలి?

నమస్తే అండి, మాది విజయనగరం. మా అమ్మ పట్టు గుడ్డ మీద పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర బొమ్మ వేసింది, ఇస్త్రీ వేడికి ఫిక్స్ అయ్యే సిల్క్ పెయింట్స్‌తో, వెనక వైపు నుంచి ఇస్త్రీ కూడా చేసేసాం. జనం ఉన్న చోట రంగులు ఒకదాన్లోకి ఒకటి పాకి భలే వచ్చింది, ఆ మెరుపు పోకూడదు. ఫ్రేముల షాపాయన వార్నిష్ కొట్టి గ్లాసుకి ఆనించి బిగించేద్దాం అంటున్నారు, కానీ వార్నిష్ పడితే గుడ్డ అట్టలా బిగుసుకుపోతాది, గ్లాసుకి ఆనితే వానాకాలం చెమ్మకి బూజు పట్టేస్తాది కదా, అందుకే బొమ్మ చుట్టూ మౌంట్ బోర్డు (మందపాటి అట్ట అంచు) పెట్టించి గ్లాసుకీ గుడ్డకీ మధ్యలో ఖాళీ ఉంచమందామనుకుంటున్నాను. గమ్ము పెట్టకుండా అంచులు బోర్డుకి కుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, దారం లాగిన చోట ముడతలు రాకుండా ఎలా? ఎండలోని యూవీ కిరణాల్ని అడ్డుకునే యూవీ గ్లాసు ఇక్కడ గానీ వైజాగ్‌లో గానీ ఎక్కడ దొరుకుతాది? హాల్లో పడమటి కిటికీ ఎదురుగా పెట్టాలని అమ్మ ఆశ, ఆ గ్లాసు ఉన్నా ఎండకి రంగు వెలిసిపోతాదా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.