పిల్లలతో ఇంట్ల సామానుతోటి చేసే ఇంజనీరింగు పనులు: ఏవి నిజంగ పనిచేస్తయి?

హన్మకొండ పేరెంట్
పిల్లలిద్దరు. పెద్దామె ఏడో తరగతి, చిన్నోడు నాలుగు. ఈ ఎండలకు పొద్దున పది దాటితే బయటికి పంపేటట్టు లేదు. రంగు కాయితాలతో పూలు, బొమ్మరిల్లు లాంటివి వద్దు. కదిలేదో బరువు మోసేదో కావాలె, ఎందుకు కదులుతుందో పిల్లలకు అర్థం కావాలె. కిట్లు కొనే ఆలోచన లేదు. ఇంట్ల ఉన్నవి, లేకుంటే మెడికల్ షాపులనో కిరాణంలనో దొరికేవైతే చాలు. దయచేసి కొలతలు చెప్పండి, వీడియోలల్ల అవే చెప్తలేరు.

లేత్ మిషన్
సిరంజి లిఫ్టుతో మొదలుపెట్టండి. జేసీబీ చెయ్యి లేచేది కూడా ఈ పద్ధతిలోనే, కాకపోతే అందులో నీళ్లకు బదులు నూనె.

10 ఎం.ఎల్. సిరంజిలు రెండు తీసుకోండి, సూదులు షాపులోనే ఇచ్చేయండి. చేపల తొట్టికి వాడే గాలి పైపు అర మీటరు కావాలి. దాని లోపలి వ్యాసం 4 మి.మీ. ఉంటుంది కాబట్టి సిరంజి మూతికి బిగుతుగా పడుతుంది. ఇంకా అట్టపెట్టె, కొంచెం బైండింగ్ వైరు. ఎవరికో వాడేసిన సెలైన్ పైపు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఎక్కువగా చెడేది నీళ్లు నింపే దగ్గరే. అర మీటరు పైపే 6 ఎం.ఎల్. పైన మింగుతుంది. ఒక సిరంజి నిండా నీళ్లు పీల్చి, పైపు తగిలించి, అవతలి కొస నుంచి నీళ్లు వచ్చేదాకా నొక్కండి. ఆ కొసను గిన్నెలో నీళ్లలో ముంచే ఉంచి పిస్టన్‌ను మళ్లీ 10 గీత దాకా లాగండి. రెండో సిరంజి పిస్టన్ పూర్తిగా లోపలికి నెట్టి, నీళ్ల కిందనే పైపుకు తగిలించండి. రెండూ నిండుగా ఉంటే ఏదీ కదలదు. గాలి బుడగ మిగిలితే నొక్కినప్పుడు ముందు ఆ గాలే నలుగుతుంది, లిఫ్టు ఆలస్యంగా లేస్తుంది. కావాలని ఒక బుడగ వదిలి చూపిస్తే గాలికి, నీళ్లకు తేడా ఏమిటో పిల్లలకు చేతికే తెలుస్తుంది.

లిఫ్టు చేతికి 24 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు అట్ట, రెండు పొరలు. అట్ట లోపలి గీతలు పొడవునా రావాలి. అడ్డంగా వస్తే మధ్యలో మడత పడుతుంది. చేతి ఒక కొసన ఇరుసు, దాని నుంచి 6 సెం.మీ. దగ్గర పిస్టన్ తగిలిస్తే కొస నాలుగింతలు కదులుతుంది. దానికి తగ్గట్టు బలమూ నాలుగింతలు కావాలి: కొసన 50 గ్రాములు పెడితే పిస్టన్ మీద 200 గ్రాములు. అట్ట బరువు, రబ్బరు రాపిడి దీనికి అదనం.

సొప్పబెండు
నర్సంపేట, పరకాల దిక్కు సుట్టాలుంటే, బండి చేసేటందుకు ఎండిన మక్క సొప్ప నాలుగు తెప్పియ్యున్రి. పచ్చిది వద్దు, ఎండినంక బెండు ముడుసుకపోయి కీళ్లన్ని వదులైతయి. పైతోలు పెద్దోళ్లే తియ్యాలె, దాని అంచు బ్లేడు లెక్క కోస్తది. లోపలి బెండు ముక్కలను ఆ తోలు బద్దలతోనే గుచ్చి బండి కట్టొచ్చు, ఫెవికాల్ అక్కరలేదు. బద్ద 3 మి.మీ. కంటె వెడల్పుంటె బెండు చీలుతది.

గిర్రలకు కూల్‌డ్రింకు సీసా మూతలు. మూత సుట్టు కాయితం మీద గీసి, కత్తిరించి, రెండుసార్లు మడిస్తే మడతలు కలిసే కాడనే నడిమధ్య. అక్కడనే దబ్బనంతోటి పొడవాలె. కొంచెం తప్పినా బండి ఎగురుకుంట పోతది. ఇరుసుకు వెదురు పుల్ల పెట్టి, దాన్ని స్ట్రాలకెల్లి తియ్యున్రి. స్ట్రాను బండికి అంటించాలె, గిర్రలను పుల్లకు అంటించాలె. పుల్లను స్ట్రాకు అంటిస్తే ఇగ తిరగది.

హన్మకొండ పేరెంట్
లిఫ్టు సగం దాకా లేచి ఆగుతున్నది. నీళ్లు కారుతలేవు, బుడగలు లేవు. గట్టిగ నొక్కితే పైపు ఊడొస్తున్నది. ఇంకోటి, పెద్దామె రామప్ప గుడి ఇసుక పునాది మోడల్ చేద్దామంటున్నది. అయితదా?

లేత్ మిషన్
సిరంజిని అట్టకు కదలకుండా టేపు చుట్టి ఉంటారు. చేతి మీద పిస్టన్ తగిలే చోటు తిన్నగా పైకి పోదు, ఇరుసు చుట్టూ వంపుగా తిరుగుతుంది. సిరంజి దానితోపాటు వాలాలి. వాలే వీలు లేకపోతే పిస్టన్ గొట్టం గోడకు ఒరుసుకుని ఆగిపోతుంది. టేపు తీసేసి, సిరంజి వెనుక భాగాన్ని ఒక్క వైరు చుట్టతో వదులుగా కట్టండి. పిస్టన్ తలకాయకు రంధ్రం చేసి వైరుతోనే చేతికి తగిలించండి. అప్పటికీ బిగుతుగా ఉంటే రబ్బరుకు గ్లిజరిన్ ఒక చుక్క రాయండి. కొబ్బరినూనె వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

తూము
అక్కా, ఇసుక మోడల్ చేయొచ్చు కానీ నేనైతే వద్దంటాను. తాంబాళంలో ఇసుక పోసి, మీద చెక్కముక్కలు పేర్చి ఊపితే అవి పడటమో నిలవడమో పేర్పును బట్టి ఉంటుంది. అంత బరువైన రాతిగుడి కింద ఇసుక చేసే పని అందులో కనపడదు. పెద్దామెకు లక్నవరం వేలాడే వంతెన లాంటిది ఇవ్వండి.

నాలుగు స్తంభాలు, రెండు జతల మధ్య దూరం 60 సెం.మీ. వంతెన అట్ట 8 సెం.మీ. వెడల్పు. స్తంభం అట్ట మట్టానికి 8 సెం.మీ. పైకి ఉండాలి. పక్కకొకటి చొప్పున రెండు సుతిలి తాళ్లు, నడుమ 6 సెం.మీ. కిందికి వేలాడాలి. నిలువు దారాలు 10 సెం.మీ.కు ఒకటి: నట్టనడుమ 2 సెం.మీ., దానికి రెండు పక్కల 2.7, ఆ తర్వాతవి 4.7. కట్టిన తర్వాత మిగిలే పొడవు ఇది, ముడికి వేరే వదలండి.

పిల్లలు తాడును స్తంభం తలకే ముడేస్తారు, బరువు పెట్టగానే స్తంభాలు లోపలికి వాలతాయి. తాడు తల మీద జారేలా ఉండి, వెనక్కి దిగి, లోపల దిగినంత వాలుతోనే నేలలో ఆగాలి. లీటరు నీళ్ల సీసాకు కడితే సీసానే జరిగొస్తుంది, కిటికీ ఊచకో మంచం కోడుకో కట్టండి. పై కొలతలకు వంతెన మీద పరిచినట్టు కిలో బరువు పెడితే రెండు తాళ్లలో కలిపి అడ్డంగా కిలోంపావు లాగుడు వస్తుంది. వేలాడు 3 సెం.మీ.కు తగ్గిస్తే అది రెండున్నర కిలోలు. రెండూ కట్టించి, ఏది ముందు తెగుతుందో చెప్పమని పెద్దామెను అడగండి.