సమస్య: చేప నింగి నెగిరి చినుకు రాల్చె

నిర్వాహకులు: బీజింగులోని బేహాయ్ ఉద్యానంలో 1756లో కట్టిన తొమ్మిది డ్రాగన్ల గోడ చిత్రాన్ని చూస్తుండగా ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా, చైనా డ్రాగన్ విషయంగానే పద్యం పూరించవలసిందిగా మనవి.

గోదావరి గట్టు:
పసుపు నదిని నీది పైపైకి నెగబాకి
రాతి గడప దాటి డ్రాగ నయ్యె
మబ్బు నెక్కి సాగి మడులన్ని తడియంగ
చేప నింగి నెగిరి చినుకు రాల్చె

ఆకాశదీపం:
నిప్పు లుమియు పాము నీటిలో మునిగిన
పొగలు జిమ్మె నదియె మొగిలు గాగ
దాని వెంట మెరిసి తళుకుల తోడను
చేప నింగి నెగిరి చినుకు రాల్చె

పాతపలక: ఆకాశదీపం గారి రెండో పాదంలో ‘పొగ–మొగి’ అని రెండో అక్షరాలు కలిసిన ప్రాసయతి ముచ్చటగా ఉంది. అయితే నిప్పులు కక్కేది ఐరోపా కథల డ్రాగన్. చైనాలో అది నదులకూ సముద్రాలకూ వానకూ అధిదేవత కనుకనే, హాన్ వంశకాలంలో వానలు పడనప్పుడు మట్టితో డ్రాగన్ బొమ్మలు చేసి, వాటిని నిలిపి వాన కోసం మొక్కేవారు. పైగా ‘తళుకుల తోడను’ పాదం నిండడానికే వచ్చింది.

ఆకాశదీపం: నిప్పు సంగతి ఒప్పుకుంటున్నాను. మునగడం మాత్రం నా కల్పన కాదు. డ్రాగన్ వసంతంలో ఆకాశానికెక్కి శరత్తులో మడుగున మునుగుతుందని హాన్ కాలపు నిఘంటువే చెబుతోంది. మరి గోదావరి గట్టు గారి రెండో పాదంలోనే చేప డ్రాగన్ అయిపోతే, నాలుగో పాదంలో ఎగిరింది చేప ఎలా అవుతుంది? ‘దాటి’ తరువాత ‘డ్రా’ వచ్చి ‘టి’ గురువై గణం తప్పింది కదా. ఇంతకు ముందు నా తామర పూరణంలో ఇదే దోషాన్ని పట్టింది వారే.

గోదావరి గట్టు: తామర పద్యంలో మీది సంస్కృత సమాసం, ఇక్కడ తెలుగు పదం విడిగా నిలిచింది కనుక ‘టి’ లఘువే. ఇక చేప మాటకు వస్తే, హాన్ కాలపు పండితుడు వాంగ్ ఫూ చెప్పినవిగా ప్రసిద్ధమైన తొమ్మిది పోలికలలో డ్రాగన్‌కు జింక కొమ్ములు, పాము మెడ, గద్ద గోళ్లు ఉన్నా, పొలుసులు మాత్రం కార్ప్ చేపవే. లోంగ్‌మెన్ (పసుపు నది మీది ‘డ్రాగన్ ద్వారం’) దగ్గర ఎదురీదిన ఒళ్లు మేఘాల్లోనూ ఆ పొలుసులతోనే మెరుస్తుంది కనుక, దాన్ని పుట్టిన పేరుతోనే పిలిచాను.

పాతపలక: ఈ సమర్థన పద్యం కన్నా అందంగా ఉంది. పరీక్ష నెగ్గినవాణ్ణి ‘డ్రాగన్ ద్వారం దాటాడు’ అని అక్కడివారు అనడంలోనూ ఈ చేపే ఉంది. ఆకాశదీపం గారి ‘పాము’ కూడా నిలుస్తుంది. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చినవారు ‘నాగ’ శబ్దానికి ‘లోంగ్’ (డ్రాగన్) అనే వాడారు, మన నాగార్జునుడు అక్కడ లోంగ్‌షు అయ్యాడు. మొదటి పాదాన్ని ‘వాన నిచ్చు పాము వాగులో మునిగిన’ అని సవరిస్తే యతీ నిలుస్తుంది, నిప్పూ ఆరుతుంది.

ఆకాశదీపం: సవరణను సంతోషంగా స్వీకరించాను. పొలుసులను మూడో పాదంలోకి తెచ్చి రేపు మళ్లీ పెడతాను.