హార్డ్‌వేర్ వాలెట్ పెట్టె సీలు లేచి ఉంటే వాడవచ్చునా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు):
ఆన్‌లైన్‌లో ఒక బయటి అమ్మకందారు దగ్గర కొన్న హార్డ్‌వేర్ వాలెట్ (బిట్‌కాయిన్ వంటి క్రిప్టో డబ్బు తాళాలను దాచే చిన్న పరికరం), మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గదిలో రెండు రోజులు ఉండి నా చేతికి వచ్చింది. పెట్టె మీది హోలోగ్రాం సీలు ఒక మూల లేచి ఉంది. కంపెనీ యాప్ మాత్రం పరికరం అసలైనదేనని చెబుతోంది. తిప్పి పంపమని మా బావగారు, అక్కరలేదని ఆఫీసు మిత్రులు అంటున్నారు. పెద్దలు సలహా చెప్పగలరు.

జవాబు (కోరమంగళ):
నమస్కారమండి. సీలును చూసి తిప్పి పంపడం అనవసరమని నా అభిప్రాయం. హెయిర్ డ్రయ్యరు వేడికి ఊడివచ్చే స్టిక్కరును తెలిసినవాడు మళ్ళీ చక్కగానే అంటిస్తాడు. ఇటువంటి వాలెట్లు చేసే లెడ్జర్ కంపెనీ అయితే తన పెట్టెలకు అటువంటి సీలే వేయదు. దానికి బదులు ఫ్యాక్టరీలోనే సెక్యూర్ చిప్‌లో ఒక రహస్య కీ పెడతారు. కంపెనీ సర్వరు పంపే ప్రశ్నకు ఆ కీతో సంతకం చేసి జవాబివ్వగలిగేది అసలు చిప్ ఒక్కటే కనుక, మీ యాప్ కంపెనీ సొంత సైటు నుంచి దించుకున్నదైతే దాని మాట నమ్మవచ్చు.

జవాబు (జయనగర్):
పై మిత్రుల మాటలో సగమే ఒప్పుకోగలను. చిప్ అసలైనదని తేలడం వేరు, అందులోని రికవరీ పదాలు (వాలెట్‌ను మళ్ళీ తెరిచే పదాల వరుస, అవి తెలిసినవాడెవడైనా డబ్బు తీసుకోగలడు) మీకు తప్ప మరెవరికీ తెలియవని తేలడం వేరు. 2018లో బయటపడిన ఒక ఉదంతంలో, ఈబేలో లెడ్జర్ అమ్మినవాడు 24 పదాలను గీకి చూసుకునే కార్డు మీద ముందే ముద్రించి పెట్టెలో పెట్టాడు. కొన్నాయన వాటితోనే వాలెట్ మొదలుపెట్టి డబ్బంతా పోగొట్టుకున్నాడు. కార్డులో ఉన్న మోసాన్ని చిప్ తనిఖీ పట్టలేదు.

సెక్యూర్ చిప్ లేని పరికరాల సంగతి మరీ కష్టం. 2023లో సైబర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ పరిశోధకులు విప్పి చూసిన నకిలీ ట్రెజర్ మోడల్ టి వాలెట్ మీద హోలోగ్రాంలు చెక్కుచెదరలేదు. లోపల మాత్రం పరికరాన్ని నడిపే చిప్‌నే (మైక్రోకంట్రోలరును) మార్చారు, ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాములో (బూట్‌లోడర్‌లో) సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా అని చూసే సంతకాల తనిఖీని తీసేశారు, పరికరం అప్పటికప్పుడు పుట్టించినట్టు చూపే పదాలు నిజానికి ముందే సిద్ధం చేసిన 20 వరుసల్లో ఒకటి. రెండు సగాలను జిగురుతో, రెండువైపులా అంటుకునే టేపుతో అతికించారని విప్పాకే తెలిసింది. అందువల్ల సీలు కన్నా ఎవరి దగ్గర కొన్నారన్నదే నాకు ముఖ్యం. దయచేసి తిప్పి పంపి, కంపెనీ దగ్గరో దాని అధికృత పంపిణీదారు దగ్గరో కొనండి.

జవాబు (కోరమంగళ):
కార్డు విషయం ఒప్పుకుంటున్నాను, ఆ షరతు నేను ముందే చెప్పవలసింది. మొదటిసారి ఆన్ చేయగానే కొత్త పిన్ పెట్టుకోమనాలి. ముందే పెట్టిన పిన్ అడిగినా, పదాలు రాసి ఉన్న కాగితం కనిపించినా, అందులో ఒక్క రూపాయి కూడా వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
కార్డేదీ లేదు, కొత్త పిన్నే పెట్టమంది. అయితే కంపెనీ సైటులోని అధికృత జాబితాలో ఆ అమ్మకందారు పేరు లేదని ఇప్పుడే చూశాను. వాపసుకు పెట్టాను, రేపు వచ్చి పార్సిల్ తీసుకువెళతారు.