ఇంట్లోనే లేబుల్ ప్రింటు చేసి లేసు పార్శిళ్లు పంపవచ్చా?

లంకలో లేసు

మాది నరసాపురానికి ఎదురుగా, వశిష్ఠ గోదావరికి ఈవలి ఒడ్డున, సఖినేటిపల్లి మండలంలో ఒక ఊరు. నేనూ మా అత్తగారూ లేసు అల్లుతాం. ఇంతకుముందు అల్లిందంతా ఏజెంటు చేతిలో పెట్టి, ఆయన లెక్క చెప్పిందే లెక్కగా డబ్బు తీసుకునేవాళ్లం. ఇప్పుడు ఫోనులో ఫొటోలు పెట్టి నేరుగా అమ్ముతున్నాం. హైదరాబాదు, బెంగళూరు నుంచి టేబుల్ రన్నర్లకు, సోఫా కవర్లకు అడిగేవాళ్లు బాగానే ఉన్నారు.

బాధంతా పార్శిల్‌తోనే. రేవులో పంటు కోసం ఎదురుచూసి, అవతల దిగి ఆటో ఎక్కి, కౌంటరు ముందు నిలబడి వచ్చేసరికి పూట గడిచిపోతుంది. వరద రోజుల్లో పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. మా ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు ఉంది కానీ పొద్దున కొద్ది గంటలే తెరుస్తారు. చిరునామా మొత్తం అక్కడ ఒక్కొక్క అక్షరం కొట్టేసరికి వెనక ఉన్న పింఛను వాళ్లు నన్ను చూసే చూపు వేరుగా ఉంటుంది.

డాలస్‌లో ఉన్న మా తోడికోడలు ఫోను చేసి, “మేం ఇక్కడ పోస్టాఫీసు గుమ్మం తొక్కం అక్కా. ఇంట్లోనే లేబుల్ ప్రింటు తీసి అతికించి గుమ్మంలో పెడితే పోస్టుమ్యానే పట్టుకుపోతాడు. కావాలంటే నీకూ ఒక లేబుల్ కొని మెయిల్ చేస్తాను, అక్కడ అతికించి పంపు” అంది. అలా కుదురుతుందా? కుదరకపోతే మన దగ్గర అలాంటిదేమైనా ఉందా? ప్రింటరు ఏది కొనాలి? తెలిసినవారు చెప్పండి.

డాలస్ కోనసీమ

మీ తోడికోడలు చెప్పింది అమెరికా వరకు అక్షరాలా నిజమండీ. అమెరికా తపాలా సంస్థ యూఎస్‌పీఎస్ వెబ్‌సైటులో క్లిక్ ఎన్ షిప్ అని ఉంటుంది. బరువు, కొలతలు, చిరునామా ఇచ్చి కార్డుతో డబ్బు కడితే లేబుల్ వస్తుంది. మామూలు ఉత్తరాలు ఇచ్చే మనిషే పార్శిల్‌ను ఉచితంగా తీసుకెళతాడు. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. స్టాంపులు అంటించిన ప్యాకెట్ పది ఔన్సుల బరువు గానీ అర అంగుళం మందం గానీ దాటితే వీధిలోని పోస్టు డబ్బాలో వేయనివ్వరు. ప్రింటు లేబుల్ ఉంటే వేయవచ్చు.

కానీ ఆ లేబుల్ అమెరికాలో పోస్టు చేసే వాటికే చెల్లుతుంది. నరసాపురంలో అతికిస్తే అది రంగు కాగితమే. ఒక్క సందర్భంలో మాత్రం పనికొస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మీ దగ్గర కొన్న సరుకు మార్చుకోవాలంటే మీ తోడికోడలు తన ఇంటి చిరునామాతో లేబుల్ తీసి వాళ్లకు మెయిల్ చేయవచ్చు. వాళ్లు ప్రింటు తీసి అతికిస్తే సరుకు ఆమెకు చేరుతుంది.

పాత పోస్టుమాస్టరు

అమ్మా, నేను కౌంటరుకు అవతలి వైపు కూర్చుని రిటైరైనవాడిని. ఆ కళ్లతోనే చెబుతాను.

మన దగ్గరా ఉంది. తపాలా శాఖ వెబ్‌సైటులో ఖాతా తెరిచి, మీ చిరునామా, అందుకునేవారి చిరునామా, బరువు, కొలతలు మీరే నింపి, డబ్బు కట్టి లేబుల్ తీసుకోవచ్చు. ఇంటికి వచ్చి తీసుకెళ్లే సౌకర్యం మీ పిన్‌కోడ్‌కు ఉందో లేదో అక్కడే చూసుకోండి. లేకపోతే మీ ఊరి బ్రాంచిలోనే ఇచ్చిరండి. వివరాలన్నీ ముందే ఎక్కి ఉంటాయి కాబట్టి అక్కడ అక్షరాలు కొట్టే పని ఉండదు. మొదటిసారి మాత్రం లేబుల్ తీయకముందే మీ బీపీఎం (బ్రాంచి పోస్టుమాస్టరు) గారితో ఒక మాట అనండి. ఆయనకూ ఇది కొత్తే కావచ్చు. బీపీఎం చేసేది ఒంటిచేతి ఉద్యోగం, ఉత్తరాలతో పాటు పొదుపు ఖాతాలూ ఆయనే చూడాలి. అప్పటికప్పుడు ఆయన మీద పడితే పని జరగదు.

లేబుల్ మీద పదమూడు గుర్తులుంటాయి. ముందు రెండు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. స్పీడ్ పోస్టుకైతే మొదటి అక్షరం ఈ. ఆ తొమ్మిదిలో చివరిది ముందున్న ఎనిమిదింటి నుంచి లెక్కగట్టి వేసే సరిచూపు అంకె. నంబరు చేత్తో కొట్టేటప్పుడు ఒక్క అంకె తప్పితే కంప్యూటర్ దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. ఒక నంబరు ఒక పార్శిల్‌కే. దాన్ని జిరాక్సు తీసి ఇంకో పెట్టెకు అతికిస్తే ఆ రెండో పెట్టె ఎవరి లెక్కలోనూ ఉండదు. ఇలాంటివి మా కౌంటరుకు వచ్చేవి, అందుకే ఇంత చెబుతున్నాను.

బరువు దాచకండి. ఎలాగూ మళ్లీ తూస్తారు. కూరగాయల త్రాసు మీద ఉజ్జాయింపుగా కాదు, పెట్టె మూసి టేపు వేశాక తూచండి.

రిజిస్టర్డ్ పోస్టులో పంపమని ఎవరైనా అడిగితే, 2025 సెప్టెంబరు 1 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయిందని చెప్పండి. ఫలానా మనిషి చేతికే ఇవ్వాలంటే స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ అదనంగా ఎంచుకోవాలి. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతీ ఉంది. ఖరీదైన టేబుల్ క్లాత్‌లకు అది మంచిది.

ఆత్రేయపురం పెట్టె

చెల్లెమ్మా, మాది పూతరేకుల వ్యాపారం. ప్రింటరు సంగతి నేను చెబుతాను. రంగు ఇంకు ప్రింటరు కొనకండి. మన గాలిలో తేమకు, పంటు మీద పడే తుంపరకు ఆ ఇంకు కారిపోయి బార్‌కోడ్ మసకబారుతుంది. వారానికి నాలుగైదు పార్శిళ్లే అయితే ప్రింటరే వద్దు. జిరాక్సు షాపులో లేజరు ప్రింటు తీయించండి. ఎక్కువైతే అప్పుడు నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల స్టిక్కర్లు వచ్చే థర్మల్ ప్రింటరు తీసుకోండి. దానికి ఇంకే అక్కర్లేదు. ఆ స్టిక్కరు చుట్ట మాత్రం ఎండలో పెట్టకండి, వేడికి నల్లబడుతుంది.

షాపువాడితో “పేజీకి సరిపెట్టవద్దు, ఉన్న సైజులోనే తీయి” అని గట్టిగా చెప్పండి. కుదించి తీస్తే బార్‌కోడ్ గీతలు దగ్గరపడి యంత్రానికి అందవు. లేబుల్‌ను పెట్టె పైభాగాన చదునైన చోట అతికించండి, మూల మీదుగా మడవకండి. కాగితం తడవకుండా మీద టేపు వేసినా బార్‌కోడ్ దగ్గర ముడత పడకూడదు, మెరుపు రాకూడదు. నేను అంచులకే టేపు వేసి, మొత్తం పెట్టెను పలచటి పారదర్శక సంచిలో పెడతాను.

ఇక కొలతలు. కొరియర్లు ఘనపరిమాణం లెక్క చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. పూతరేకులు నలగకుండా నేను 30, 25, 15 సెంటీమీటర్ల పెట్టె వాడితే 2.25 కిలోల కింద లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. లోపల సరుకు కిలో కూడా ఉండదు! మీ లేసుకు ఆ బాధ లేదు. మడత పెట్టి పాలిథిన్ కవరులో చుట్టి, గాలి తీసి పలచటి కవరులో పంపండి. పాలిథిన్ మాత్రం మానకండి. పంటులో పక్కన రొయ్యల ట్రేలు ఉంటే తెల్ల నూలు ఆ వాసన వదలదు.

లంకలో లేసు

అందరికీ ధన్యవాదాలు. బీపీఎం గారిని అడిగాను. “తెండి, చూద్దాం” అన్నారు. ఆయన అంతమాట అనడమే గొప్ప! ఇంకో సందేహం. మా తోడికోడలి స్నేహితులు అమెరికాలో ఆరుగురు టేబుల్ క్లాత్‌లు అడుగుతున్నారు. బహుమతి అని రాసి పంపెయ్యమని ఒకావిడ సలహా ఇచ్చింది. పంపవచ్చా మాస్టారూ?

పాత పోస్టుమాస్టరు

డబ్బు తీసుకుని పంపేది బహుమతి ఎలా అవుతుందమ్మా? పట్టుబడితే సరుకు అక్కడే ఆగిపోతుంది, కొన్నవాళ్ల ముందు మీ మాట పోతుంది.

విదేశాలకు అమ్మడానికి తపాలా శాఖవారి ఎగుమతి కేంద్రం, డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, పోర్టల్ ఉంది. ముందు ఎగుమతి కోడ్, ఐఈసీ, ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రుసుము 500 రూపాయలు. పోర్టల్‌లో నమోదయ్యాక, పార్శిల్ లేబుల్‌తో పాటు కస్టమ్స్‌కు ఇచ్చే పోస్టల్ ఎగుమతి బిల్లును కూడా ఇంటి నుంచే నింపవచ్చు. కస్టమ్స్ పని తపాలా శాఖ, కస్టమ్స్ వాళ్లే చూసుకుంటారు, దానికోసం మీరు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. సరుకు పేరు దగ్గర ‘బట్టలు’ అని రాయకండి. చేత్తో అల్లిన నూలు టేబుల్ క్లాత్ అని రాయండి. అల్లిన టేబుల్ వస్త్రాలకు హెచ్ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే నంబరు) 6302 40తో మొదలవుతుంది.

అమెరికా సంగతి వేరుగా చూసుకోవాలి. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును వాళ్లు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. ఆ సమయంలో మన తపాలా శాఖ అక్కడికి పార్శిళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి సుంకం బుకింగ్ దగ్గరే కట్టించుకునే పద్ధతి వచ్చింది. రేట్లు మారుతుంటాయి. కాబట్టి ఆ రోజు పోర్టల్‌లో ఎంత చూపిస్తుందో చూశాకే ఆ ఆరుగురికీ ధర చెప్పండి.

లంకలో లేసు

ఐఈసీ నా పేరున తీసుకోవాలా, అత్తగారి పేరునా? అల్లికలో ఆవిడదే పెద్ద చెయ్యి.

పాత పోస్టుమాస్టరు

పాన్ కార్డూ, అమ్మకం డబ్బు పడే బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉన్నాయో వారి పేరునే. రెండూ అత్తగారివైతే ఓటీపీలు ఆవిడ ఫోనుకే వస్తాయి. అది గుర్తుంచుకుని నిర్ణయించుకోండి.