‘మిస్టర్ టిబ్స్’ను తెలుగులో ఏమందాం?

అనువాదకుడు: 1967 నాటి అమెరికన్ సినిమా ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’కు తెలుగు మాటలు రాయాలంటే చిక్కంతా ఒక్క వాక్యం దగ్గరే. మిసిసిపీలోని స్పార్టా ఊళ్లో హత్య జరుగుతుంది. రైల్వే స్టేషన్లో కూర్చున్న నల్లజాతి మనిషిని పట్టుకొస్తారు. తీరా చూస్తే అతను ఫిలడెల్ఫియాలో హత్యకేసులు చూసే పోలీసు అధికారి వర్జిల్ టిబ్స్. అక్కడ నిన్నేమని పిలుస్తారని పోలీస్ చీఫ్ గిలెస్పీ ఎగతాళిగా అడుగుతాడు. ‘దే కాల్ మీ మిస్టర్ టిబ్స్!’ అని టిబ్స్ మండిపడతాడు. ఆ జవాబును ‘నన్ను టిబ్స్ గారూ అంటారు’ అని రాస్తే చాలా?

తెలుగు మాస్టారు: చాలదండీ. అర్థం వస్తుంది, దెబ్బ తగలదు. ఇంగ్లిషు ‘మిస్టర్’ టిబ్స్ లాంటి ఇంటిపేరుకు తగులుతుంది, మన ‘గారు’ అసలు పేరుకే: సుబ్బారావు గారు. అంటే వర్జిల్ గారన్నా మనకు గౌరవమే. చెళ్లపిళ్ల వారు, విశ్వనాథ వారు అని ఇంటిపేరుతో పిలవడం ఎక్కువగా పండితుల విషయంలోనే. అమెరికా దక్షిణాదిలో అవమానం వట్టి పేరులోనే ఉంది. నల్లవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా తెల్లవాళ్లు పేరు పెట్టో, ‘బాయ్’ అనో పిలిచేవాళ్లు. మిస్టర్, మిస్ తగిలించేవాళ్లు కాదు. 1963లో అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే ఉద్యమకారిణి, మిస్ హామిల్టన్ అని పిలిస్తేనే జవాబిస్తానంది. కోర్టు ధిక్కారమని 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. సినిమాకు మూడేళ్ల ముందు మాట ఇది. అందుకే ‘మిస్టర్’ను కదపకూడదు.

డబ్బింగ్ రచయిత్రి: ఉంచితే ఇంకో గొయ్యి ఉంది మాస్టారూ. తెలుగులో ‘ఏయ్ మిస్టర్!’ అంటే కయ్యానికి పిలుపు. కాబట్టి పని ప్రశ్నలోనే మొదలవ్వాలి. గిలెస్పీ చేత ‘రా’ అనిపించండి: ‘అక్కడ నిన్నేమంటార్రా?’ ‘మిస్టర్ టిబ్స్ అంటారు!’ ఆ ‘రా’కు ఎదురు నిలిచాకే మిస్టర్‌కు మర్యాద వస్తుంది. పలికితే ఇంగ్లిషులో ఆరు అక్షరాలు, ఇక్కడా ఆరే, కాబట్టి పెదవుల కదలికకు అందుతుంది. ఇంగ్లిషు ‘దే’కు ‘వాళ్లు’ అని పెట్టొద్దు, వాళ్లెవరని ప్రేక్షకుడు వెతుక్కుంటాడు. కర్త లేని ‘అంటారు’లో ఊరంతా ఉంది. ‘బాయ్’ను అబ్బాయ్ కూడా చెయ్యకండి. మన అబ్బాయిలో ముద్దుంది. ముసలి పాలేరును దొరగారి పసిపిల్లాడు ‘ఏరా’ అనడం మన పల్లెలు చూశాయి, ఆ ‘ఏరా’యే ఇక్కడ సరైన మాట.

అనువాదకుడు: పేరు చివర పడేలా ‘పిలిచేది మిస్టర్ టిబ్స్ అని’ అంటే?

డబ్బింగ్ రచయిత్రి: వ్యాకరణానికి బాగానే ఉంది. మండిపోతున్న మనిషి అంత తిప్పి మాట్లాడడండీ.

తెలుగు మాస్టారు: ఒప్పుకుంటాను. ఇంకొక్కటి. ఇంగ్లిషు ‘యూ’ ఒక్కటే, మనం మాత్రం ప్రతి వాక్యంలో నువ్వా మీరా తేల్చుకోవాలి. చివర్లో గిలెస్పీ అతని పెట్టె తనే మోసుకొచ్చి రైలెక్కిస్తాడు. అప్పుడూ ‘వర్జిల్’ అనే అంటాడు. అక్కడ ‘మీరు’ పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. పేరు అదే, గొంతే మారింది. ‘నువ్వు’ ఉంచి ‘రా’ ఒక్కటీ తీసెయ్యండి: ‘వర్జిల్... జాగ్రత్త, సరేనా?’