పన్నెండేళ్ల ఫార్మల్ వెరిఫికేషన్ పరిశోధనను సైటేషన్ల సంఖ్య ఎంతవరకు చెప్పగలదు?

ప్రశ్న: అన్వేషి

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్ విభాగంలో బోధిస్తున్నాను. ఒక ప్రోగ్రాము తాను చేయవలసిన పనిని తప్పు లేకుండా చేస్తుందని గణితపరంగా నిరూపించే ఫార్మల్ వెరిఫికేషన్ రంగంలో పన్నెండేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. ఇప్పటివరకు 26 పేపర్లు వెలువడ్డాయి. వాటిలో నాలుగు జర్నల్స్‌లోనూ, మిగిలినవి సదస్సుల్లోనూ వచ్చాయి. గూగుల్ స్కాలర్‌లో నా పేరు మీద 640 సైటేషన్లు (ఇతర పేపర్లు నా పేపర్లను ఉదహరించిన సందర్భాలు), 13 హెచ్-ఇండెక్స్ కనిపిస్తాయి.

ఇటీవల పదోన్నతి ముఖాముఖిలో ఒక సభ్యుడు నా వివరాల పక్కన, నాతోపాటే ఉద్యోగంలో చేరి చిత్రాలను గుర్తించే మెషీన్ లెర్నింగ్ మీద పనిచేస్తున్న సహోద్యోగి వివరాలను ఉంచి, ఆయన సైటేషన్లలో నావి పదో వంతు కూడా ఎందుకు లేవని అడిగారు. ఆ ప్రశ్నలో దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. నా సహోద్యోగి పని పట్ల నాకు గౌరవమే ఉంది. అయినా ఆ క్షణంలో సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఎంపిక సంఘం ఇప్పుడు రెండు పేజీల వివరణ కోరింది.

నా సందేహాలు రెండు. నా పని ఎవరికీ చేరలేదని ఈ సంఖ్య చెబుతున్నట్టా? ఒకవేళ కాకపోతే, గొప్పలు చెప్పుకున్నట్టు కాకుండా ఆ ప్రభావాన్ని ఎలా రాయాలి? మూడేళ్లు పట్టిన ఒక పేపరు నుంచి పుట్టిన పరికరాన్ని కంపైలర్లు (మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) రాసే రెండు బృందాలు వాడుతున్నాయని నాకు తెలుసు, కాని ఆ బృందాలు పేపర్లు రాయవు, కాబట్టి ఆ వాడకం ఏ లెక్కలోనూ కనబడదు.

సమాధానం: నిరూపణ

అన్వేషి గారికి నమస్కారం. మీ మొదటి సందేహానికి జవాబు ఆ సూచిక నిర్వచనంలోనే ఉంది. భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ప్రకారం, ఒకరి పేపర్లలో కనీసం పదమూడింటికి ఒక్కొక్కదానికి పదమూడు సైటేషన్లు ఉండి, పద్నాలుగింటికి పద్నాలుగేసి లేకపోతే, వారి సూచిక 13 అవుతుంది. జీవితకాలంలో మూడే పేపర్లు రాసినవారి సూచిక, ఆ మూడింటినీ వేలమంది ఉదహరించినా, 3 దగ్గరే ఆగిపోతుంది. ఒక మనిషి పరిశోధనలోని అనేక కోణాలను ఏ ఒక్క సంఖ్యా ఉజ్జాయింపుగా తప్ప చూపలేదని, రంగాన్ని బట్టి ఈ విలువలు మారతాయని హిర్ష్ స్వయంగా ఆ వ్యాసంలోనే రాశారు. సూచికను వాడేవారిలో ఆ వాక్యం దాకా చదివినవారు తక్కువ.

ఇక రంగాల మధ్య తేడా సంగతి. ఒక రంగంలో ఎన్ని సైటేషన్లు పుడతాయన్నది అక్కడ ఎంతమంది రాస్తున్నారు, ఏడాదికి ఎన్ని పేపర్లు రాస్తున్నారు, ఒక్కో పేపరు చివర ఎంత పొడవు ఆధారాల పట్టిక పెడుతున్నారు అన్న మూడు విషయాల మీద ఆధారపడుతుంది. చిత్రాలను గుర్తించే కొత్త పద్ధతిని ప్రతిపాదించేవారు తమ ఫలితాలను పాత పద్ధతుల ఫలితాలతో వరుసగా పోల్చి చూపాలి. ఆ పోలికలో ప్రతి వరుసా ఒక సైటేషనే. అందువల్లే 2016లో ఆ రంగపు సీవీపీఆర్ సదస్సులో వచ్చిన, రెస్‌నెట్ అనే చిత్ర గుర్తింపు పద్ధతి పేపరుకు లక్షకు పైగా సైటేషన్లు చేరాయి. అది నిజంగా గొప్ప పేపరు, ఆ సంఖ్యకు అర్హమైనదే. కాని మన రంగానికి పునాది వేసిన టోనీ హోర్ 1969 నాటి వ్యాసం, ఆయనకు 1980లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం రావడానికి కారణమైన కృషిలో భాగమైనా, ఆ సంఖ్యకు ఎంతో దూరంలో ఉంది. పైగా ఇప్పుడు ఆ వ్యాసంలోని హోర్ తర్కాన్ని (ప్రోగ్రాము సరైనదని నిరూపించే నియమాలను) వాడేవారిలో చాలామంది ఆ వ్యాసాన్ని ఉదహరించరు, అది పాఠ్యపుస్తకంలో భాగమైపోయింది కనుక. ఒక ఆలోచన అందరి సొత్తు అయ్యేకొద్దీ దాని మూలాన్ని పేర్కొనడం తగ్గిపోతుందన్న సంగతిని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో గుర్తించారు.

మీవి నాలుగే జర్నల్ పేపర్లు అన్న విషయాన్ని ఎవరైనా లేవనెత్తితే, కంప్యూటర్ సైన్స్‌లో గట్టి సమీక్ష దాటి వచ్చే సదస్సు పేపర్లకు జర్నల్ పేపర్లతో సమానమైన, కొన్నిచోట్ల అంతకు మించిన విలువ ఉందని డేవిడ్ ప్యాటర్సన్, లారెన్స్ స్నైడర్, జెఫ్రీ ఉల్మన్ 1999లో అమెరికాలోని కంప్యూటింగ్ రిసెర్చ్ అసోసియేషన్ తరఫున రాసిన పత్రాన్ని చూపించవచ్చు. సరిగ్గా పదోన్నతి సంఘాల కోసమే ఆ పత్రం రాశారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ప్రస్తావన వస్తే, అది గడచిన రెండేళ్ల వ్యాసాలకు ఒక ఏడాదిలో వచ్చిన సగటు సైటేషన్ల లెక్క మాత్రమేననీ, అది జర్నల్‌కు చెందిన కొలత తప్ప మనిషికి చెందినది కాదనీ చెప్పండి. ఒక నిరూపణను అర్థం చేసుకుని, దాని మీద కొత్తగా కట్టడానికే మన దగ్గర రెండేళ్లు పడుతుంది.

సమాధానం: సూచిక

నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధనా వివరాలను క్రోడీకరించే పని చేస్తాను. ఒక్క విషయమే చెప్పాలనుకుంటున్నాను. మీరు రాసే ప్రతి సంఖ్య పక్కన అది ఏ నిల్వ (డేటాబేస్) నుంచి, ఏ తేదీన తీసుకున్నదో తప్పకుండా రాయండి.

2004లో మొదలైన గూగుల్ స్కాలర్ సదస్సు పేపర్లు, సిద్ధాంత వ్యాసాలు, ఇంకా ప్రచురణ కాని ముసాయిదాలు అన్నింటినీ కలుపుకుంటుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంపిక చేసిన ప్రచురణలనే లెక్కిస్తాయి కాబట్టి అదే వ్యక్తికి అక్కడ తక్కువ సంఖ్య వస్తుంది. కంప్యూటర్ సైన్స్ వారి విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో పుట్టిన డీబీఎల్‌పీ పేపర్ల జాబితాను ఎంతో శుభ్రంగా ఉంచుతుంది, ఒకే పేరున్న రచయితలను వేరుచేయడంలోనూ శ్రద్ధ చూపుతుంది. మీ ప్రచురణల పట్టికను ముందుగా దానితో సరిచూసుకోండి. ఒకే పేపరు ముసాయిదా రూపం, సదస్సు రూపం విడివిడిగా నమోదై మీ సైటేషన్లు రెండుగా చీలిపోయి ఉండవచ్చు. అలాంటివి కలిపితే సూచిక ఒకటి రెండు పెరగడం నేను చాలాసార్లు చూశాను.

వడపోత లేని లెక్క ఎంత బలహీనమో చెప్పడానికి 2010 నాటి ఒక ప్రయోగం ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త సిరిల్ లబ్బే, ఒకదాన్నొకటి ఉదహరించుకునే సుమారు వంద అర్థరహిత పేపర్లను కంప్యూటర్ చేత రాయించి, ఐక్ అంత్‌కారే అనే లేని మనిషికి గూగుల్ స్కాలర్‌లో 94 హెచ్-ఇండెక్స్ తెప్పించారు. సంఘం ముందు దీన్ని ఎవరి మీదా ఆరోపణగా తేవద్దు. సంఖ్య వెనుక ఏ పేపర్లు ఉన్నాయో తెరిచి చూడాలని అడగడానికి ఆధారంగా మాత్రమే చెప్పండి.

సమాధానం: సమీక్షకురాలు

అన్వేషి గారూ, ఇలాంటి సంఘాలలో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని. మీ రెండో సందేహం గురించి రాస్తాను, ఎందుకంటే దరఖాస్తుదారులు తరచుగా పొరపాటు పడేది అక్కడే. ఇచ్చిన రెండు పేజీలలో ఒకటిన్నర పేజీ సైటేషన్లు ఎందుకు నమ్మదగినవి కావో వివరించి, తమ పని గురించి నాలుగు వాక్యాలతో సరిపెడతారు. చదివేవారికి అది సంజాయిషీలా కనిపిస్తుంది. రంగాల తేడా గురించి ఒక్క పేరా చాలు.

మిగిలిన చోటులో మీ 640 సైటేషన్లను మీరే తెరిచి చూపించండి. వాటిలో చాలా భాగం "ఈ విషయంపై వీరు కూడా పనిచేశారు" అని గుంపుగా పేర్లు చెప్పేవే అయి ఉంటాయి. ఎవరి సైటేషన్లయినా అంతే. కొన్ని మాత్రం మీ నిరూపణను తీసుకుని దాని మీద కొత్తది కట్టినవి, లేదా మీ ఫలితాన్ని పరీక్షకు పెట్టినవి అయి ఉంటాయి. వాటిని ఐదారు ఎంచుకుని, ఎవరు, ఏ సదస్సులో, మీ పనిలో ఏ భాగాన్ని దేనికి వాడుకున్నారో ఒక్కొక్క వాక్యంలో రాయండి.

ఆ రకమైన సైటేషన్ ఎంత బరువైనదో మీ రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది. యూటా విశ్వవిద్యాలయం బృందం సీస్మిత్ అనే పరికరంతో సీ భాషా కంపైలర్లను పరీక్షించి, 2011లో ప్రోగ్రామింగ్ భాషల పీఎల్‌డీఐ సదస్సులో ఆ ఫలితాలను ప్రకటించింది. అందరూ నమ్మి వాడే కంపైలర్లతో సహా వాటన్నింటిలో కలిపి అంతవరకు తెలియని 325కు పైగా లోపాలు బయటపడ్డాయి. జేవియర్ లెరాయ్ బృందం గణితపరంగా నిరూపించి కట్టిన కాంప్‌సర్ట్ అనే సీ కంపైలర్‌లో మాత్రం, నిరూపణ వర్తించే మధ్య భాగంలో, తప్పు కోడును పుట్టించే లోపం ఒక్కటి కూడా వారికి దొరకలేదు. కాంప్‌సర్ట్‌కు వచ్చిన సైటేషన్లలో లెక్కకు అది ఒకటే. కాని నిరూపణతో ఏమిటి ప్రయోజనమని అడిగేవారికి, ఆ నిరూపణతో సంబంధం లేని బయటి బృందం ఇచ్చిన సాక్ష్యం అది.

పేపర్లు రాయని బృందాలు మీ పరికరాన్ని వాడుతున్నాయన్నారు. ఆ సంగతి మీరు చెబితే గొప్ప చెప్పుకున్నట్టు అనిపించవచ్చు గాని, వారు చెబితే సాక్ష్యమవుతుంది. ఏ పనికి వాడుతున్నారో, దాని వల్ల ఏ లోపాలు దొరికాయో రాసి పంపమని వారిని అడగండి. వారి బహిరంగ కోడు నిల్వలో మీ పరికరం ప్రస్తావన ఉంటే ఆ చోటును పేర్కొనండి. పరిశోధన నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను పరిశోధనగానే గుర్తించడం కొత్త సంగతి కాదు: 2004లో ఒక సదస్సు పేపరుగా వెలుగుచూసిన, కంపైలర్లు కట్టడానికి వాడే ఎల్‌ఎల్‌వీఎమ్‌కు కంప్యూటింగ్ నిపుణుల సంఘమైన ఏసీఎమ్ సంస్థ 2012లోనూ, కాంప్‌సర్ట్‌కు 2021లోనూ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం ఇచ్చింది.

కాలం గురించి కూడా ఒక మాట. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్, అనేక కంప్యూటర్లు ఒకే నిర్ణయానికి వచ్చేలా చేసే పాక్సోస్ అల్గారిథం వ్యాసాన్ని 1990లో ఒక జర్నల్‌కు పంపారు. సమీక్షకులకు అది అంతగా నచ్చకపోవడంతో ఆయన దాన్ని పక్కన పెట్టేశారు, 1998లో గాని అది అచ్చు కాలేదు. తర్వాత గూగుల్ వంటి సంస్థల అంతర్గత వ్యవస్థలకు అది ఆధారమైంది, 2013లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 1997లో ఎవరైనా ఆ వ్యాసానికి సైటేషన్లు లెక్కపెట్టి ఉంటే, చేతికి వచ్చే సంఖ్యకు దాని విలువతో ఏ పోలికా ఉండేది కాదు. అయితే ఈ ఉదాహరణను మీ వివరణలో పెట్టకండి. మిమ్మల్ని మీరు లాంపోర్ట్‌తో పోల్చుకుంటున్నారన్న భావన కలిగిస్తుంది. మీ మనసులో ఉంచుకోవడానికి మాత్రమే చెప్పాను.

సమాధానం: దిక్సూచి

పై సమాధానాలతో చాలావరకు ఏకీభవిస్తూనే, అందరూ వదిలేసిన ఒక కోణాన్ని ప్రస్తావించాలి. సంఖ్యలను పూర్తిగా పక్కనబెట్టిన చోట వాటి స్థానంలోకి ఎప్పుడూ లోతైన పఠనమే రాదు. పెద్ద సంస్థలో చదివారా, పేరున్న ఆచార్యుడు సిఫారసు లేఖ రాశారా అన్నవి ముందుకు వస్తాయి. అలాంటి పరిచయాలేవీ లేని నావంటివారికి, మా పేపర్లను ముక్కూ మొహం తెలియని పరిశోధకులు ఉదహరించారన్న లెక్కే ఒకప్పుడు అండగా నిలిచింది. పరిశోధన మదింపు గురించిన 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన జర్నల్ కొలతలతో మనుషులను తూచవద్దని చెప్పింది. అదే విషయంపై వచ్చిన 2015 నాటి లైడెన్ ప్రణాళిక మరింత జాగ్రత్తగా, అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదని చెబుతుంది. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది.

అందుకే అన్వేషి గారు తమ 640ని దాచవద్దని, దానికి క్షమాపణ చెప్పుకోవద్దని కోరుతున్నాను. ఫార్మల్ వెరిఫికేషన్‌లో పన్నెండేళ్ల అనుభవం ఉన్న నలుగురైదుగురి బహిరంగ వివరాలను, వారి పేర్లు రాయకుండా, ఒకే నిల్వ నుంచి ఒకే తేదీన తీసి పక్కన పెట్టండి. మీ సంఖ్య వారి మధ్య ఎక్కడ ఉందో చూపించండి. అది వారికంటే కొంచెం తక్కువగా ఉన్నా అలాగే పెట్టండి.

అన్వేషి

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నా సైటేషన్లను ఒక్కొక్కటిగా తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఇప్పటివరకు చూసిన 200లో, మా నిరూపణను నిజంగా వాడుకున్నవి పదకొండు ఉన్నాయి. వాటిలో మూడింటి సంగతి నాకు ఇంతకుముందు తెలియనే తెలియదు. కంపైలర్ బృందాలు రెండింటికీ లేఖలు రాశాను, ఒకరు వెంటనే బదులిచ్చారు. వచ్చే వారం గడువులోగా మిగిలిన 440 కూడా చదివి, అప్పుడే వివరణ రాస్తాను.