కోళ్ల షెడ్డులో రెండు సీట్ల విమానం: ఎక్కడ మొదలుపెట్టాలి?

రేకులబాబు, శ్రీహరిపురం

అందరికీ నమస్తే. నేను విశాఖ షిప్‌యార్డు కాంట్రాక్టుల్లో పదకొండేళ్లుగా షీట్ మెటల్ పని చేస్తున్నాను. మేం నలుగురం ఆదివారాలు ఆనందపురం దాటాక ఒక ఖాళీ జాగాలో ఆర్సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) విమానాలు ఎగరేస్తాం. ఫోమ్ విమానాలతో విసుగొచ్చి, జెనిత్ సీహెచ్ 701 లాంటి రెండు సీట్ల రేకు విమానం మనమే కట్టుకోవాలన్న పిచ్చి పట్టింది. రేకు కత్తిరించడం, రివెట్ కొట్టడం మాకు కొత్త కాదు. సబ్బవరం దగ్గర మావయ్యగారి కోళ్ల షెడ్డు ఖాళీగా ఉంది, నలభై అడుగుల పొడవు. పూర్ణా మార్కెట్‌లో అల్యూమినియం రేకు ధర కూడా కనుక్కున్నా. మా ఆవిడ మాత్రం ముందు స్కూటర్ సర్వీసింగ్ చేయించమంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతరివెట్, పెదవాల్తేరు

తమ్ముడూ, ముందు ఆ రేకు కొనడం ఆపండి. నేను ఎయిర్‌ఫ్రేమ్ పనిలో 24 ఏళ్లు ఉండి రిటైరయ్యాను. విమానానికి కావలసింది 6061-టీ6 అనే అల్యూమినియం మిశ్రమం రేకు. టీ6 అంటే వేడిచేసి గట్టిపరిచిన రకం. మార్కెట్‌లో డబ్బాలకీ మూతలకీ అమ్మే మెత్తరేకు వంచితే వంగినట్టే ఉండిపోతుంది. చూడ్డానికి రెండూ ఒకటే, అదే ప్రమాదం.

రెండోది, మీ చేతి అలవాటు. ఓడ ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అటూఇటూ అయినా వెల్డింగ్‌లో కలిసిపోతుంది. ఇక్కడ రేకే అర మిల్లీమీటరు. రంధ్రం మధ్య నుంచి అంచుకు కనీసం రివెట్ మందానికి రెండింతలు వదలాలి. ఉద్యోగంలో చేరిన ఏడాదే నేను ఒక వరుస మొత్తం అంచుకు దగ్గరగా వేశాను. మా చీఫ్ ఏమీ అనలేదు, ప్యానెల్ పారేయించి ఒక ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టారు. అది ఇప్పటికీ నా టూల్ బాక్స్‌లో ఉంది.

ఇక మన ఊరి గాలి. మా ఇంటి గేటుకి ఏడాదికోసారి రంగు వెయ్యక తప్పదు. అల్యూమినియానికి ఉక్కు బోల్టు నేరుగా తగిలి, ఉప్పుతేమ చేరిందంటే అల్యూమినియం తినేసి తెల్లపొడి రాలుతుంది. రేకులు కలిపే ముందే లోపలి ముఖాలకి ప్రైమర్ వెయ్యాలి, తర్వాత చెయ్యి దూరదు.

మొదలంటారా, రడ్డర్‌తో, అంటే విమానం ముక్కుని కుడిఎడమలకి తిప్పే తోక పలకతో. అమెరికాలో మిస్సోరిలో ఉన్న ఆ జెనిత్ కంపెనీ వాళ్లు కూడా కొత్తవాళ్ల చేత రెండు రోజుల వర్క్‌షాప్‌లో రడ్డరే కట్టిస్తారు. చిన్నది, కానీ కొలత, డ్రిల్లు, రివెట్ అన్నీ వస్తాయి. పాడైతే పోయేదీ తక్కువే. ఇలాంటి చిన్న విమానాలకి వాడే రోటాక్స్ ఇంజిన్ ఊసు మాత్రం ఇప్పుడే ఎత్తకండి.

కొమ్మాదికాకి

రడ్డర్ సరే గురూ, ఎగరేదెక్కడ? మన ఎయిర్‌పోర్టే నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా. పైగా పర్మిషన్లు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేకిన్ ఇండియాలో ప్రదర్శించారు. పౌర విమానాలకి అనుమతులిచ్చే డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ 2017లో గానీ రాలేదు. మీరు ముందు పర్మిషన్ ఫైలు మొదలెట్టండి, రేకు తర్వాత.

పాతరివెట్

కాకిగారి మాట నిజమే. అయితే రడ్డర్ కట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా. గోడకి తగిలించుకున్నా నష్టం లేదు.

రేకులబాబు

సార్, రేకు ఆపేశాను. నిన్న ఇంట్లో స్క్రాప్ ముక్క మీద ఇరవై రంధ్రాలు వేసి కొలిచా. మీ లెక్కకి ఆరు తప్పాయి. పదకొండేళ్ల సర్వీసు, సిగ్గేసింది.

పాతరివెట్

ఆరేనా? నాకు ఆ రోజు పద్నాలుగు పోయాయి. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో నేవీ పాత విమానం పెట్టిన టీయూ-142 మ్యూజియం దగ్గరికి రండి. ఆ రివెట్ వరుసలు చూపిస్తూ మాట్లాడతా. మీ ముక్క కూడా పట్టుకురండి.

రేకులబాబు

వస్తా సార్. స్కూటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేశా, బస్సులో వస్తా.